పన్నెండో ఎర

ఎర మనిషి నడుము కొలవడం బల్లెంవాడి పని. ఇంకొకరికి అప్పజెప్పకూడదు. అదీ కోట రివాజు.

అందుకే ఆ పొద్దున పెద్దబల్లెం చెరసాల మెట్లు దిగాడు. ఆ పేరు ఊరు పెట్టింది. కన్నవాళ్ళు పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు, వాళ్ళతో పాటే ఆ పేరూ పోయింది. వయసు అరవై నాలుగు. పదకొండు రాతిమెడ మృగాల్ని చంపిన చెయ్యి. సంతలో అతని మీద పాట ఉంది. అది వినబడితే ఇప్పటికీ వెన్ను నిటారుగా పెట్టి, అవసరం లేకపోయినా నెమ్మదిగా నడుస్తాడు. మెట్లు దిగేటప్పుడు మాత్రం, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని గోడ పట్టుకుంటాడు.

పన్నెండో రాతిమెడ కొండ కనుమలోకి దిగి ఆరు రోజులైంది. ఉప్పుబళ్ళు ఆగిపోయాయి. అటు వెళ్ళిన ఏడుగురిలో ముగ్గురే తిరిగొచ్చారు. ఆ ముగ్గురిలో ఒకడికి మాట పడిపోయింది.

చెరసాల గదిలో నలభై దాటిన ఆడమనిషి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కాళ్ళకి గొలుసు. గాడిదల మీద ఉప్పు మోయించుకుని బతికే మనిషి. ఊళ్ళో అందరూ గాడిదలామె అంటారు. కోటద్వారం దగ్గర జమాదారు ఈమె గాడిదని కొరడాతో బాదుతుంటే, అదే కొరడా లాక్కుని పిడితో వాడి మొహం మీద ఒక్కటిచ్చింది. జమాదారుకి ఒక కన్ను పోయింది. ఈమెకి ఎర శిక్ష పడింది.

"లేచి నిలబడమ్మా," అన్నాడు పెద్దబల్లెం.

నూనె పట్టించిన జనపతాడు ఆమె నడుం చుట్టూ తిప్పాడు. ముడి వీపు వెనక, చెయ్యి అందని చోట పడాలి. వదులైతే జారిపోతుంది, బిగువైతే మనిషి ముందే సొమ్మసిల్లుతుంది. రెండు వేళ్ళ సందు ఉంచి చూసుకున్నాడు. ఎడమ చెయ్యి వణుకుతోంది. దాన్ని ఆమె చూడకుండా తాడు కింద దాచాడు.

"ఏం బాబాయ్, కొత్త బట్టలు కుట్టిస్తున్నారా ఏంటి? ఇన్ని కొలతలు తీస్తున్నావ్."

అతను తాడు కొస లాగాడు. ఎరతో మాట పెట్టుకోకూడదని అతను తనకి తానుగా పెట్టుకున్న నియమం.

"ఒక్కటి అడుగుతా, ఏమనుకోకు. గొడ్డుని పెట్టి చూశారా ఎప్పుడైనా?"

ముడి దగ్గర అతని వేళ్ళు ఆగాయి.

"గొడ్డు పనికిరాదు. మనిషిని మింగితేనే దానికి మగత కమ్ముతుంది."

"ఎవరు చెప్పారు?"

ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ ప్రశ్న ఒక్కరూ వెయ్యలేదు. జవాబు అతనికి తెలుసు. చెప్పింది తనే.

"పోయిన ఏడు అవతలి కొండ దారిలో ఒకటి నా చిన్న గాడిదని పట్టుకుంది," అంది ఆమె, బట్టలు ఉతికిన కబురు చెప్పినంత మామూలుగా. "నేను రాతి సందులో దూరి ఊపిరి బిగబట్టుకుని చూశాను. ఎక్కడికి పోతాను? గాడిదని తింది. నీళ్ళు తాగింది. ఎడంపక్కకి ఒరిగింది. కాసేపటికి మెడ మీద పలకలు ఇంటిపెంకుల్లా లేచాయి. లోపల్నించి ఈల. పాలు పొంగే ముందు మూత కింద వస్తుందే, అట్లాంటి ఈల. నేను దాని పక్క నుంచే నడుచుకుంటూ వచ్చేశాను."

పెద్దబల్లెం తాడు కొస వదిలేశాడు.

ఆ ఈల సంగతి పాటలో లేదు. తనతో రెండో బల్లెం మోసే అల్లుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆకలితో ఉన్న రాతిమెడ మెడ చుట్టూ పలకలు బిగుసుకుని ఉంటాయి, గొడ్డలితో కొట్టినా నిప్పురవ్వలే రాలతాయి. కడుపు నిండి మగతలో పడ్డాక ఊపిరి కోసం లేస్తాయి. మూడో పలకకీ నాలుగో పలకకీ నడుమ జానెడు మెత్తటి చోటు కనబడుతుంది. బల్లెం దిగాల్సింది అక్కడ. లేచాయని చెప్పేది ఆ ఈలే. ప్రాణభయంతో అల్లే అబద్ధంలో ఈల ఉండదు.

"ఇది ఎవరికైనా చెప్పావా?"

"జమాదారుకే చెప్పాను. గాడిదలామె మాటలు గాడిదలకి చెప్పుకోమన్నాడు." ఆమె నవ్వింది. "చెప్పుకున్నాలే. అవి నమ్మాయి."

అతను ముడి విప్పకుండానే మెట్లెక్కాడు. సగం మెట్ల దగ్గర గోడ పట్టుకుని నిలబడిపోయాడు. ఈసారి ఎవరైనా చూస్తున్నారేమో అని చూసుకోలేదు.

దళవాయి భోజనం ముగించి కత్తిమొనతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. కోట మొత్తానికీ పెద్ద. యాభై దాటని మనిషి. కోపం వచ్చినా గొంతు పెంచడు. పెద్దబల్లెం చెప్పిందంతా విన్నాడు.

"గాడిదని పెట్టి చూద్దామంటావ్."

"ఒక్కసారి, అయ్యా. పని కాకపోతే ఎర మనిషి ఎటూ ఉంటుంది."

"పని కాకపోతే అది ఆకలితో నీ మీదికొస్తుంది. నీ చెయ్యి వణుకుతోందని నాకు తెలీదనుకున్నావా?" దళవాయి కత్తి తుడుచుకున్నాడు. "పోనీ పనయ్యిందనుకో. అప్పుడేం చేస్తావ్?"

"అంటే?"

"పదకొండు మంది పోయారు. అందులో ఎనిమిది ఆజ్ఞల మీద ముద్ర నాది. రేపొద్దున గాడిద సరిపోతుందని తేలితే ఆ ఎనిమిది ఇళ్ళవాళ్ళు నా గుమ్మం ముందు నిలబడతారు. నీ గుమ్మం ముందు పదకొండూ నిలబడతాయి. తేనెతుట్టె మీద రాయి వెయ్యడం అవసరమా, పెద్దాయనా? ఆమె ఒకడి కన్ను పొడిచింది. ఆమె కోసం మనం ఏడవక్కర్లేదు. నీకు చాతకాకపోతే చెప్పు, మీ అల్లుడు ఉన్నాడు."

పెద్దబల్లెం తల వంచుకున్నాడు. అతనికి తల వంచడం కొత్త కాదు. పాటలో అదీ లేదు.

"బల్లేలు మోయడానికి గుర్రం వద్దయ్యా," అన్నాడు వెళ్ళబోతూ. "రాళ్ళ మీద జారుతుంది. ఆమె గాడిద కోటలోనే ఉందిగా, అదిప్పించండి."

దళవాయి అతన్ని ఓసారి ఎగాదిగా చూశాడు. "తీసుకుపో," అన్నాడు.

మర్నాడు తెల్లవారాక బయల్దేరారు. పెద్దబల్లెం, అల్లుడు, గాడిదలామె, నలుగురు సిపాయిలు, మూడు బారల పొడవున్న రెండు బల్లేలు మోస్తూ ముసలి గాడిద. దాని కుడి వెనక కాలు కుంటి. గాడిదలామె దాని పక్కనే నడుస్తూ దారిపొడుగునా తిట్టింది.

"నడవవే ముసల్దానా. అత్తారింటికి పోతున్నట్టు ఆ నడకేంటే!"

అల్లుడు పకపకా నవ్వాడు. ముప్పై అయిదేళ్ళవాడు, నోరు ఊరుకోదు. బల్లెం పని మామ దగ్గరే నేర్చుకున్నాడు. ఇంట్లో పెళ్ళానికీ కొండ మీద రాతిమెడకీ తప్ప దేనికీ భయపడనని చెప్పుకుంటాడు. "దీనికంటే మామే నయం," అన్నాడు. "రెండు కాళ్ళూ బాగానే ఉన్నాయి."

మధ్యాహ్నానికి హద్దురాయి దగ్గర సిపాయిలు ఆగిపోయారు. అది దాటి బల్లెంవాళ్ళూ ఎరా తప్ప ఎవరూ వెళ్ళకూడదు. రివాజు అలా ఉండటం సిపాయిలకీ హాయే. అప్పుడే పాచికలు తీశారు.

కనుమ లోపల దారి ఇరుకు. విరిగిన బండిచక్రం, చిరిగిన ఉప్పుబస్తా, ఒంటి చెప్పు కనబడ్డాయి. చెప్పులో పాదం ఇంకా ఉంది. అల్లుడు జోకులు మానేశాడు.

కొండగోడకి ఇనుపకడియం దిగేసి ఉంది. ఎరని కట్టేది దానికే. తాడు ఒరుసుకుని ఒరుసుకుని కడియం లోపలి అంచు అద్దంలా మెరుస్తోంది. పెద్దబల్లెం మొలలోంచి కత్తి తీసి గాడిదలామె వెనక్కి వెళ్ళాడు. తాడు కోసేశాడు.

"మామా!" అన్నాడు అల్లుడు. "ఏం చేస్తున్నావ్?"

"గాడిదని కడదాం."

"నీకేమన్నా మతిపోయిందా? అది గొడ్డు! దానికి మగత రాదు. నువ్వే కదా చెప్పావ్?"

"చెప్పాను. చూడలేదు." పెద్దబల్లెం కోసిన తాడుని చేతికి చుట్టుకుంటూ, కడియం వైపు చూస్తూ మాట్లాడాడు. "మొదటిసారి మా అన్నతో వచ్చాను. అన్న ముందు, నేను వెనక. బల్లెం నా చేతిలో ఉంది. అది అన్న మీదికి వచ్చినప్పుడు విసరొచ్చు. విసరలేదు. రాయి వెనక ఒంటేలు పోసుకుని కూర్చున్నాను. అన్నని తినడం మొత్తం విన్నాను. తర్వాత అది పడుకుంది, ఈలేసింది. వెళ్ళి పొడిచాను. ఊళ్ళో అడిగితే ఏం చెప్పమంటావ్? మనిషిని మింగితేగానీ దానికి మత్తెక్కదు, అందుకే అన్న కావాలని ముందుకెళ్ళాడు అన్నాను. జనం అన్నకి దండం పెట్టారు, నన్ను భుజాల మీద మోశారు. రెండోది వచ్చినప్పుడు, ఈసారి ఎవరు వెళ్తారని కోటవాళ్ళు అడిగారు. అబద్ధమని ఎట్లా చెప్తాను?"

అల్లుడు కడియం వైపు చూశాడు. కనుమలోంచి గాలి ఉప్పువాసన మోసుకొచ్చింది.

"అబద్ధమో కాదో నాకూ తెలీదు," అన్నాడు పెద్దబల్లెం. "తెలుసుకోవాలని అనిపించలేదు. అంతే."

గాడిదలామె ముందుకొచ్చి అతని చేతిలోంచి తాడు లాక్కుంది. "నాకిచ్చెయ్. నీ ముడి దానికి గుచ్చుకుంటుంది."

బల్లేలు దింపింది. గాడిదని కడియం దగ్గరికి నడిపించుకెళ్ళింది. జీను పట్టీ విప్పి, పట్టీ కింద ఎర్రగా ఒరుసుకుపోయిన చోట అరచేత్తో రుద్దింది. చెవిలో ఏదో అంది. తిట్టే అయి ఉంటుంది. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి రాయి చాటున కూర్చుంది.

ఎండ తూర్పు గోడ ఎక్కేవేళకి అది దిగింది.

ముందు రాళ్ళు దొర్లాయి. తర్వాత తల వచ్చింది, బండి అంత తల, కొండరాయికీ దానికీ తేడా తెలియని బూడిదరంగు. గాడిద ఒక్కసారి అరిచింది. రెండో అరుపు సగంలో తెగిపోయింది. ఎముకలు విరిగే చప్పుడుకి అల్లుడు చెవులు మూసుకున్నాడు. గాడిదలామె మూసుకోలేదు. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, తన గాడిదని తినడం మొదట్నుంచీ చివరిదాకా చూసింది.

తర్వాత కాచుకోవడం. అదే అసలు పని. పెద్దబల్లెం అరచేతులకి మట్టి రాసుకున్నాడు. బల్లెం కర్ర తడిమి చూసుకున్నాడు. రాతిమెడ వాగు దగ్గరికి వెళ్ళి తాగింది. తిరిగొచ్చింది. తల ఇటు తిప్పి వాసన పట్టింది. పడుకోలేదు. ఇంకా పడుకోలేదు. మనిషే కావాలేమో. ఆ ఆలోచన రాగానే అతనికి లోపల్నించి హాయి పొంగుకొచ్చింది. అవును, పడుకోకుండా ఉంటే బావుండు. ఇది మమ్మల్ని ముగ్గుర్నీ తినేసినా సరే, నా మాట నిజమైతే బావుండు. ఆ కోరికని అతను స్పష్టంగా గుర్తుపట్టాడు. గుర్తుపట్టి సిగ్గుతో కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు మూసుకున్నప్పుడే వినబడింది. సన్నగా, ఒకే తీరుగా, మూత కింద పాలలా, ఈల.

ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ చప్పుడు వింటే అతని ఒంట్లో బలం వచ్చేది. ఇవాళ రాలేదు. అల్లుడు రెక్క పట్టుకుని లేపాడు. ఇద్దరూ చప్పుడు కాకుండా దిగారు. ఎడంపక్కకి ఒరిగి ఉంది. పలకలు లేచి ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు. మూడో పలక కింద లేతచర్మం ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. ఇద్దరూ బల్లెం ఎత్తి ఒక్కసారే బరువేశారు.

ఎడమ చెయ్యి వణికింది.

మొన పలక అంచుకి తగిలి పక్కకి జారింది. జానెడు దిగింది, అంతే. మృగం మగతలోనే తల విసిరింది. ఆ దెబ్బకి అల్లుడు అల్లంత దూరాన రాళ్ళ మీద పడి లేవలేదు. రెండో విసురుకి పెద్దబల్లెం ఎడమ చెయ్యి మోచేతి పైన విరిగింది. ఎండుకొమ్మ విరిగినట్టు ఆ చప్పుడు అతనికే వినబడింది. అయినా కుడిచేత్తో బల్లెం వదల్లేదు. పాదాలు నెత్తుట్లో జారుతున్నాయి. పలకలు ఒక్కొక్కటే మూసుకోవడం మొదలుపెట్టాయి.

"జరుగు!"

గాడిదలామె బల్లెం చివర కింద భుజం పెట్టింది. బస్తా ఎత్తేవాళ్ళు పెట్టినట్టు, వీపు వంచకుండా మోకాళ్ళు వంచి పెట్టింది.

"ఊఁ అన్నప్పుడు తొయ్యి. ముందు కాదు. ఊఁ!"

తోశారు. బల్లెం దిగింది. వేడినెత్తురు మొహాన కొట్టింది. ఆమె మళ్ళీ ఊఁ అంది. కర్ర మూరెడు, ఇంకో మూరెడు లోపలికి పోయింది. ఈల గరగరగా మారింది. మృగం నాలుగు కాళ్ళూ నేలని తవ్వాయి. చాలాసేపు తవ్వాయి. తర్వాత మానేశాయి.

అల్లుడు నుదురు పగిలి, పాక్కుంటూ వచ్చి దానికి ఆనుకుని కూర్చున్నాడు. అలవాటు కొద్దీ నవ్వబోయాడు. "గాడిద... మామా, ఒక ముసలి గాడిద..." ఆ నవ్వు మధ్యలోనే మొహం మారిపోయింది. "పోయినసారి ఆ గోనెలు కుట్టేవాళ్ళబ్బాయిని కడియానికి కట్టింది నేనే. నీళ్ళడిగాడు. వద్దన్నాను. కడుపులో నీళ్ళుంటే దానికి మగత ఆలస్యమవుతుందని నువ్వు చెప్పావ్."

"అవును. చెప్పాను."

అల్లుడు లేచి నుదుటి నెత్తురు తుడుచుకున్నాడు. ఊరు చేరేదాకా మామతో మాట్లాడలేదు.

గాడిదలామె మాత్రం ఊరు వైపు రాలేదు. కనుమకి అవతల మా పిన్ని ఊరుంది, అటు పోతానంది. విరిగిన చేతికి తన పైగుడ్డ చింపి కట్టింది.

"పాటలో నా ముసల్దాని పేరు పెట్టించు బాబాయ్."

"దాని పేరేంటి?"

"దానికి పేరెందుకు? నీకు మాత్రం ఉందా?" అని, పలకలు దాటుకుంటూ అవతలికి వెళ్ళిపోయింది.

మర్నాడు దళవాయి వైద్యుణ్ణి వెంటబెట్టుకుని స్వయంగా పెద్దబల్లెం ఇంటికొచ్చాడు. చెయ్యి కట్టించాడు. వైద్యుణ్ణి పంపేసి తలుపు దగ్గరికి వేశాడు.

"జరిగిందంతా విన్నాను. ఎర మనిషిని మింగింది. దారి తెరుచుకుంది. చాటింపు ఇదే," అన్నాడు నెమ్మదిగా. "ఆమె అవతలికి పోయిందిగా, ఇటు రాకుండా నేను చూసుకుంటా. మళ్ళీ ఒకటి దిగినప్పుడు గాడిదని పెడదాం. చడీచప్పుడూ లేకుండా. సరేనా? నీ పాట నీకుంటుంది. సాయంత్రం సంతలో సన్మానం. కాస్త శుభ్రంగా తయారై రా."

మంచి బేరమే. ఇక ఎవరూ చావరు, ఎవరికీ తెలియదు. పెద్దబల్లెం తల ఊపబోయాడు. మళ్ళీ ఒకటి దిగేనాటికి తను ఉంటాడా? దళవాయి ఉంటాడా? ఇద్దరూ లేకపోతే మిగిలేది పాటే. పాటలో మనిషే ఉన్నాడు. ఆ పాట విని, ఎవడో ఒకడు చెరసాల మెట్లు దిగి ఇంకొకరి నడుం కొలుస్తాడు.

దళవాయి వెళ్ళాక అతను మంచం దిగాడు. అందరూ సంత వైపు వెళ్తుంటే ఎదురు నడిచాడు.

పదకొండు మందిలో ఒకడు సొంత అన్న. ఆ గుమ్మం తనదే. మిగిలినవి పది.

ఊరి చివర గోనెసంచులు కుట్టే వీధి. పదకొండోవాడి తల్లి అరుగు మీద కూర్చుని దబ్బనంతో పురికొస లాగుతోంది. అతన్ని చూసి గోనె పక్కన పెట్టి లేవబోయింది.

"మీరా! రండి, కూర్చోండి. అయ్యో, ఆ చెయ్యేంటి? సన్మానం అన్నారు, వెళ్ళలేదా?"

అతను అరుగు అంచున కూర్చున్నాడు. ఎండ ఇంకా గోనెల మీద ఉంది.

"ఎవరో ఆడమనిషంట కదా ఈసారి. పాపం," అంది ఆమె మళ్ళీ దబ్బనం అందుకుంటూ. "వాళ్ళమ్మ ఉంటే నేను వెళ్ళి చెప్పొచ్చేదాన్ని. మా వాడు బస్తా దొంగిలించాడు, నిజమే. కానీ వాడి పుణ్యమా అని నాలుగేళ్ళు దారి నడిచింది. నేను కుట్టిన ఈ గోనెల్లో ఉప్పు పోసుకుని ఆ దారినే పోయారు. ఎవరేమన్నా నేను ఆ మాటే చెప్తా. ఊరికే పోలేదు కదా మనిషి."

అతని కాళ్ళు లేచి వెళ్ళిపోవడానికి సిద్ధంగానే ఉన్నాయి. పరామర్శకి వచ్చానని చెబితే సరిపోతుంది. ఆమె ఇన్ని మజ్జిగ కూడా ఇస్తుంది.

"ఊరికే పోయాడమ్మా," అన్నాడు. "గాడిద సరిపోయేది."

ఆమెకి అర్థం కాలేదు. అతను చెప్పాడు. అన్న దగ్గర మొదలుపెట్టి నిన్నటిదాకా, ఏదీ దాచకుండా, నీళ్ళడిగిన సంగతితో సహా చెప్పాడు. చెబుతున్నంతసేపూ దబ్బనం గోనెలోకి దిగుతూ, పైకి లేస్తూ ఉంది. ఒక్కచోట ఆగింది. మళ్ళీ దిగింది.

"ఎప్పుడు తెలిసింది?" అంది.

"నిన్న."

"అంతకుముందు?"

"చూసి ఉంటే తెలిసేది. చూడలేదు."

ఆమె ఏడవలేదు, శపించలేదు. పురికొస పళ్ళతో కొరికింది. కుట్టిన సంచిని దులిపి, మడతపెట్టి, మిగతావాటి మీద పెట్టి, చేత్తో ఒకసారి నొక్కింది.

"మా గుమ్మమే మొదటిదా?"

"మొదటిదే."

"ఇంకా తొమ్మిదున్నాయన్నమాట."

అతను తల ఊపాడు.

"అయితే కూర్చోకు," అంది, ఇంకో గోనె ఒళ్ళోకి లాక్కుంటూ. "లే. పొద్దుండగానే వెళ్ళు."